రెబెకమ్మ రేగిచేను

సీతారామపురం పక్క పల్లెల్లో జొన్న వేసిన రైతులకు రెబెకమ్మ అంటే కొండంత ధైర్యం. మంచె ఎక్కి ఆమె వడిసెల తిప్పిందంటే రాయి పిట్టకు తగిలేది కాదు, కంకికీ తగిలేది కాదు. రెండింటి మధ్య నుంచి పోయేది. పిట్ట లేచిపోయేది, గింజ నిలిచేది. పన్నెండేళ్ల వయసులో మొదలుపెట్టిన పని అది. గొంతు కూడా చేతికి తీసిపోదు. ఆమె ఇక్కడ అరిస్తే ఉదయగిరి దుర్గం మీద గువ్వలు లేస్తాయని మొగుడు పిచ్చయ్య ఆటపట్టించేవాడు. ఆ పిచ్చయ్య పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. చెరువు కింద వరి పండే ఇరవై సెంట్ల మాగాణి ఆమె వాటాకి వచ్చింది. గుట్ట కింద రెండెకరాల మెట్ట మాత్రం మరిది రమణయ్యతో ఉమ్మడిగా ఉండిపోయింది.

యాభై రెండులో కరువు వచ్చింది. చెరువు నెర్రెలిచ్చింది. పశువులకు ఆకు కోసమని, పొయ్యిలో కట్టె కోసమని గుట్ట మీద చెట్టూ చేమా నరికేశారు. వలలు పన్ని దొరికిన పిట్టనల్లా తిన్నారు. ఆకలి అలాంటిది, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మరుసటి ఏడు వానలు పడ్డాయి, జొన్న కంకి వేసింది, రెబెకమ్మ మంచె ఎక్కింది. తోలడానికి ఒక్క పిట్ట లేదు. వారం రోజులు చూసి రైతు ఆమెను మాన్పించాడు. కూలి పోయిందన్న దిగులు ఉంది, లేదంటే అబద్ధమే. కానీ అంతకంటే పెద్ద దిగులు తెల్లవారుజామున పట్టుకునేది. ఒంటరి ఇంట్లో కళ్లు తెరిస్తే బయట కిచకిచ కూడా లేదు. పిచ్చయ్య పోయిన రోజున కూడా ఇల్లు అంత ఖాళీగా అనిపించలేదని ఆమె తోటి ఆడవాళ్లతో చెప్పుకుంది.

యాభై నాలుగు సంక్రాంతి వెళ్లాక మెట్టకు ఎరువు కోసం మంద కట్టించాలనుకుంది. చేలో మందను నాలుగు రాత్రులు పడుకోబెడితే పెంట నేలకి, దానికి బదులు గింజలు కాపరికి. ఈ బేరాలన్నీ పిచ్చయ్య చూసుకునేవాడు. ఆమె నేరుగా మేకల సిద్ధయ్య దగ్గరికి పోయింది.

"ఇప్పుడొద్దక్కా. ఇవి దినమంతా రేగిపండ్లు మేస్తుండాయి. ఎండాకాలం రానీ" అన్నాడు సిద్ధయ్య.

"మేక ఏం తింటే నాకేందిరా? నాకు కావాల్సింది పెంట. తోలుకొనిరా!" అంది రెబెకమ్మ.

ఆమె మాటకి ఎదురు చెప్పే మగవాడు ఆ చుట్టుపక్కల లేడు. సిద్ధయ్య తోలుకొచ్చాడు. మేకలు పడుకుని నెమరు వేస్తూ రేగి గింజల్ని చేనంతా ఉమ్మేశాయి. ఆ సంగతి పశువులు కాసే పసివాడికైనా తెలుసు. ఎప్పుడూ తల పైకెత్తి పిట్టల్నే చూసిన రెబెకమ్మకు తెలియలేదు. తొలకరికి కొర్ర చల్లితే, కొర్ర కంటే ముందు రేగి మొలిచింది, అడుగుకొక్కటి. ఊరు ఊరంతా వచ్చి చూసి నవ్వి పోయింది. రమణయ్య తల పట్టుకున్నాడు.

సిగ్గుతో ఆమె రెండు రోజులు వంచిన నడుం ఎత్తకుండా మొక్కలు పీకింది. మూడో రోజు గట్టు వారన గుబురుగా ఉన్న చోట చెయ్యి పెట్టబోతే, బుర్రుమని పూరేళ్ల జంట లేచింది. రెండేళ్లకి కళ్లబడిన పిట్టలు. రెబెకమ్మ అక్కడే చతికిలబడి ఏడ్చింది. తర్వాత పార భుజాన వేసుకుని ఇంటికి పోయింది. మళ్లీ ఒక్క మొక్క పీకలేదు.

"నీకేమైనా మతి పోయిందా వదినా? ముళ్లకంపను సాగు చేస్తావా?" అన్నాడు రమణయ్య.

"మూడేండ్లు ఓపిక పట్టు. ఇంటికి అక్కరకొచ్చే పండు తీస్తా."

"సరే, మూడేండ్లు. రాకపోతే గొడ్డలి తెస్తా. నాక్కూడా పిల్లలుండారు."

అతను చెడ్డవాడు కాదు, ఆ మెట్టలో సగం అతనిదే. ఆమె ఊరుకోలేదు. ఆత్మకూరు నుంచి తోటపని తెలిసిన మనిషిని పిలిపించి మంచి మొక్కలకు పెద్దరేగి అంటు కట్టించింది. దుర్గం మీద సీతాఫలాలు తిని గింజలు కొంగున కట్టుకొచ్చి నాటింది. వాగు పక్కన నాలుగు నేరేళ్లు పెట్టింది. రెండు వేసవులు వాగులో చెలమ తోడి కుండతో నీళ్లు మోసింది. ఆదివారం ప్రార్థనకు పోయేటప్పుడు కూడా దోవలో నాలుగు పాదులు తడిపి మరీ పోయేది.

యాభై ఏడు చలికాలానికి రేగి విరగకాసింది. అప్పటికే ఆ చేను ఒక చిన్న ఊరు. పొదల కింద కముజు పిట్టలు, కుందేళ్లు, కొమ్మల మీద పిగిలిపిట్టలు. "పిట్టల్ని పెంచేదీ నువ్వే, మా చేలో తోలి కూలి తీసుకునేదీ నువ్వే" అని రైతులు మేలమాడేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. కాయ దోరబడగానే చిలుకలు దిగాయి. రోజూ గుంపులు గుంపులుగా వచ్చి ఒక కాయ తిని పది రాల్చేవి.

రమణయ్య గొడ్డలి తేలేదు. మంచె కట్టడానికి నాలుగు గుంజలు తెచ్చాడు.

"ఇంత కాపు నేనెరగను వదినా. పది దినాలు కాపలా కాయి. కాయలు ఉదయగిరి సంతకు తోలుకుందాం. నీకంటే బాగా పిట్టల్ని తోలేవాళ్లు ఎవురుండారు?"

నిజమే, న్యాయమే. ఆమె మంచె ఎక్కింది, వడిసెలలో రాయి పెట్టింది. చెయ్యి పైకి లేచింది కానీ తిరగలేదు. గొంతు కూడా రాలేదు. మూడు రోజులు అలాగే కూర్చుంది. మూడో రోజుకి చెట్టుకి నాలుగు కాయలు మిగిలాయి. రమణయ్య వచ్చి, రాలిన ఎంగిలికాయల్ని దోసిట పట్టుకుని మంచె కింద నిలబడ్డాడు.

"చెయ్యి ఆడలేదబ్బాయ్. ఇంకా మూడేండ్లు గడువిచ్చినా నా చెయ్యి ఆడదు" అంది రెబెకమ్మ.

"అట్టయితే కొట్టేస్తా. శెనక్కాయలు వేసుకుంటా. నన్ను తిట్టుకోబాకు."

ఆమె ఆ రోజంతా ఆలోచించింది. మర్నాడు ఊళ్లో నలుగురిని పిలిచి వాళ్ల ముందు చెప్పింది. చెరువు కింద తన ఇరవై సెంట్లు రమణయ్య తీసుకోవాలి, మెట్టలో అతని సగం తనకి వదిలేయాలి. విన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. రమణయ్య కూర్చున్నవాడల్లా లేచాడు.

"నీళ్లు పారే నేల వదినా అది! ముళ్లకంపకి ఇస్తావా? రేపు ఏం తింటావు?"

"కొర్రలుండాయి, సజ్జలుండాయి. కూలి చేసుకుంటా. నువ్వు గొడ్డలి ఇంట్లో పెట్టు."

కాగితం రాశారు, ఆమె వేలిముద్ర వేసింది. ఆ ఏడు క్రిస్మస్‌కి రెబెకమ్మ ఇంట్లో సజ్జ సంకటే ఉడికింది. రమణయ్య పెళ్లాం ఓబమ్మ ఇత్తడి గిన్నె నిండా వరన్నం, పైన కోడికూర పెట్టి పంపింది. రెబెకమ్మ మెతుకు వదలకుండా తిని, చేతి వేళ్లు నాకి, గిన్నె కడిగి తిరిగి ఇచ్చి వచ్చింది. పిట్టల కోసం పొలం వదులుకుంది కదా, ఆమెకు తిండి యావ ఉండదని ఊళ్లో అనుకునేవాళ్లు. అది తప్పు. రెబెకమ్మకు వరన్నమంటే ప్రాణం. తెలిసే ఇచ్చింది.