మందు గదికి హారతి

గుత్తి దగ్గర ఒక రాళ్ల క్వారీలో భద్రత చూసే ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిందిది. ఆయుధపూజ రోజు యంత్రాలకు, లారీలకు పూజ అయ్యాక, అందరూ పేలుడు మందు దాచే గది వైపు నడిచారు. అగ్గిపెట్టె కూడా తేకూడని చోటది. మేస్త్రి ఓబులేసు తలుపు బార్లా తెరిచి, జిలెటిన్ పెట్టెలకు బొట్లు పెట్టి, పళ్లెంలో కర్పూరం వెలిగించాడు.

"అన్నా, ఈడ నిప్పొద్దు! అందరం పోతాం!" అని అరిచాను.

"మనకు కూడు పెట్టేది ఈ మందే కదప్పా. దీనికి హారతియ్యకుంటే ఎట్లా? గమ్మునుండు సార్, అమ్మవారుండాది, ఆయమ్మ చూసుకుంటాది" అన్నాడు.

యజమాని వైపు చూశాను. ఆయన చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని దండం పెడుతున్నాడు. గాలికి మంట పెట్టెల వైపు వాలింది. పళ్లెం లాక్కుందామంటే, ఆ పెనుగులాటలో కర్పూరం పెట్టెల మీద పడుతుందేమోనని చెయ్యి లేవలేదు.

చివరికి ఓబులేసు బయటికొచ్చాడు. తలుపు పక్కన నేను రాయించిన 'నిప్పు తేరాదు' బోర్డుకు కూడా బొట్టు పెట్టి, హారతి తిప్పి, పళ్లెం నా ముందు పట్టాడు.

కళ్లకద్దుకున్నాను. అంతమంది ప్రాణాల కోసం ఆరోజు నేను చేయగలిగింది అదొక్కటే.