మడతపెట్టిన గళ్ళ గుడ్డ

అంబులెన్సులో తిరిగే ఆవిడ అసలు పేరు డ్యూటీ చార్టులో తప్ప ఎవరి నోటా వినపడదు. నొప్పి తెలియకుండా సూది వేస్తుందని ఇరవై ఏళ్లుగా అందరికీ సూదక్కే.

కొన్నాళ్లుగా బండిలోని ఫోన్లో ఒకటే గొంతు. "అక్కా, మా అమ్మమ్మకి గుండెల్లో నొప్పి. తొందరగా రండక్కా." తీరా వెళ్తే అమ్మమ్మా ఉండదు, ఫోన్ చేసినవాడూ ఉండడు. తలుపు బార్లా తెరిచి ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంటుంది. గ్లాసులో టీ ఇంకా వేడిగానే ఉంటుంది. నేలమీద మత్తెక్కువై పెదాలు నీలంగా మారిన కుర్రాడో, పిల్లో. వాంతి గొంతుకు అడ్డం పడకుండా ఎవరో పక్కకి తిప్పి, మోకాలు మడిచి, చెంప కింద గళ్ళ గుడ్డ ముక్క మడతపెట్టి పోతారు. ప్రతి ఇంట్లో అదే మడత.

"ఈ ఊరి అమ్మమ్మలందరికీ ఒక్కడే మనవడల్లే ఉంది," అనేవాడు డ్రైవర్ మామ.

ఎందుకు పారిపోతారో ఇద్దరికీ తెలుసు. మత్తు విరిచే సూది వేస్తే ఫారంలో రాయాలి, రాస్తే పోలీసులకు కబురు వెళ్తుంది. గదిలో ఉన్నవాళ్లందరినీ జీపెక్కిస్తారు. రూలు అది.

ఒకసారి సూదక్క ఖాళీ గదిలోకి చూసి, "బాగా పడుకోబెట్టావు నాయనా," అంది. లోపలెక్కడో తలుపు కిర్రుమంది.

ఒక మధ్యాహ్నం వేరే గొంతు అడ్రసు చెప్పి ఫోన్ పెట్టేసింది. వెళ్తే కుర్రాడు వెల్లకిలా పడున్నాడు. చెంప కింద ఏమీ లేదు. మెడలో గళ్ళ తువ్వాలు, సగానికి పైగా ముక్కలుగా చింపేసి ఉంది.

సూది పడ్డాక కళ్లు తెరిచాడు. "అక్కా," అన్నాడు. అదే గొంతు. "రాయొద్దక్కా."

"రాయకపోతే నా ఉద్యోగం పోతుంది నాయనా."

"నాకోసం కాదక్కా. నేను లోపలికెళ్తే వాళ్లని ఎవరు పక్కకి తిప్పుతారు?"

పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి రాసింది. పోలీసులు అతన్ని ఆస్పత్రి మంచం మీది నుంచే తీసుకెళ్లారు.

ఫోన్లు ఆగిపోయాయి. "అమ్మమ్మలందరికీ నయమైపోయింది," అన్నాడు మామ. నవ్వలేదు.

పదో రోజున పక్కింటివాళ్లు పిలిచారు. తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఒక పిల్ల వెల్లకిలా పడుంది, చల్లగా. గుమ్మం అవతల ఇద్దరు కుర్రాళ్లు తొంగిచూస్తున్నారు. సూదక్క కూర్చుని ఆమెను పక్కకి తిప్పింది. మోకాలు మడవబోతే మడతపడలేదు. తన చేతిగుడ్డ మడిచి చెంప కింద పెట్టింది.

"ఇంకెందుకమ్మాయ్ అది?"

"ఎవరో చూస్తున్నారు మామా," అంది సూదక్క, వెనక్కి తిరక్కుండానే.