కోడళ్ళు పోసిన దిబ్బ

మట్టిదిబ్బ కనిపిస్తే చాలు, ఏ రాజు కట్టించాడా అని ఆలోచించే అలవాటు నాకు ఒక బస్సులో పోయింది.

రావులపాలెం దాటాక అరటిగెలల లారీ రోడ్డుకి అడ్డంగా బోల్తాపడింది. మా బస్సు ముందుకీ వెనక్కీ కదలకుండా ఇరుక్కుపోయింది. కిటికీ అద్దం ఎంత లాగినా రాలేదు. ఆ అద్దంలోంచే, చేల మధ్య ఎత్తయిన దిబ్బ కనిపించింది. ఊరుకోలేక పక్కసీటులోని నడివయసావిడతో, "రెడ్డిరాజుల నాటి కోట అయ్యుంటుందండి" అన్నాను.

"కోటేంటండీ! అది మా అత్తగారి ఊరి దిబ్బ" అందావిడ. "వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేశాక పూడిక తీస్తారు కదండి, ఆ మట్టి ఓ తట్టెడు కొత్తకోడలు దానిమీద పొయ్యాలి. వరదొస్తే ఊరంతా ఎక్కేది దానిమీదకే మరి."

"మీరూ పోశారా?"

"పోశానండి. పోసి, మా పుట్టింటి కొబ్బరితోట కనపడుద్దేమోనని పైనే నిలబడిపోయాను."

ఆవిడ చూపు దిబ్బ మీంచి కదల్లేదు.

"మా అత్తగారు కిందనుంచి కేకేశారండి. 'దిగమ్మా, నేనూ చూశాను. కనపడదు' అని."