తూటా దిగని మనిషి

నాంపల్లిలో మేమున్న వీధి మొదట్లో, చెవి తెగిన కుక్క ఒకటి మా అమ్మాయిని కరిచింది. అప్పుడు పిల్లకు ఆరేళ్ళు. ఆ తర్వాత కుక్క ఎవరికీ కనబడలేదు. కొన్నాళ్ళు బతికి ఉంటే అది పిచ్చికుక్క కాదని తేలుతుందని, కనబడలేదు కనుక రోజూ బొడ్డు చుట్టూ సూదులు వేయించాలని దవాఖానలో డాక్టరు చెప్పాడు. వేయించినా అందరూ బతకరని పక్కింటావిడ చెప్పింది. విన్నాను. వెళ్ళి అన్నం వార్చాను.

మా అత్తగారికి సూదుల మీద నమ్మకం లేదు. కుక్క కరిస్తే ఏడు బావుల్లో తొంగి చూడాలి. మనుమరాలిని చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. నల్లాలు వచ్చాక చాలామంది బావులు పూడ్చేశారు. ఏడో బావి గౌలిగూడలో ఒకరి పెరట్లో ఉందని తెలిసి రిక్షాలో వెళ్ళాం. నేను బి.ఏ. చదివినదాన్ని. గట్టు పట్టుకుని పిల్లతో పాటు నేనూ తొంగి చూశాను.

ఆ సాయంత్రం వాళ్ళ నాన్న అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి కొని తెచ్చారు. అట్ట లేదు. అందులో ఒక మనిషి రైలును అరచేత్తో ఆపుతాడు. తూటాలు అతని ఛాతీకి తగిలి వడగళ్ళలా రాలిపోతాయి. కాలేజీలో నేర్చుకున్న లెక్కన అది కథే కాదు. ఓడిపోయే వీల్లేనివాడి గురించి ఎవరికి బెంగ? అందుకని తెలుగులో చెబుతూ, నా సొంతంగా ఒక తూటాను అతని భుజంలో దించాను.

అమ్మాయి లేచి కూర్చుంది. “గట్ల లేదు. బొమ్మల నెత్తురేడున్నది?”

“కథ మంచిగుంటదని చెప్పిన.”

“మంచిగ లేదు. ఆయనకేం గాదు. ఏం గాదని చెప్పు.”

అత్తగారు వక్క కొరుకుతూ, “ఏం గాకుంటే గా తుపాకులోళ్ళకు బుద్ధి లేదా? మల్ల మల్ల ఎందుకు కాలుస్తున్రు?” అంది.

“వాళ్ళకు తెల్వదు బాపమ్మా. మనకు ఎర్కనే గదా.”

మర్నాటి నుంచి ఉన్నది ఉన్నట్టే చదివాను. తుపాకులు ఎక్కుపెట్టిన చోట కావాలనే ఆగేదాన్ని. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఏమవుతుందోనన్న ప్రశ్న ఆ పుస్తకంలో లేదు. ఏమీ కాదని తెలిసి, ఎలా కాకుండా పోతుందో చూడడమే. పగలంతా పిల్ల నీళ్ళు తాగుతుంటే గొంతు దిగుతున్నాయా లేదా అని చూసేదాన్ని. మింగలేకపోతే ఇక ఆశ లేదన్నారు. ఆ కథ చదివే కాసేపే దాని గొంతు వంక చూసేదాన్ని కాదు.

ఒకరోజు దవాఖాన బల్ల మీద పడుకుని అడిగింది. “ఆయనకు సూది దిగదు గదమ్మా?”

“దిగదు.”

“నాకు దిగుతది.”

“దిగుతది.”

సరేనన్నట్టు గౌను పైకి తనే ఎత్తుకుంది.

సూదులు ఇంకా కొన్ని మిగిలి ఉండగా పాలామె గుమ్మంలో నుంచే చెప్పింది. “చెవి తెగిన కుక్క ఉస్మాన్‌గంజ్ల మిరపకాయ బస్తాల కాడ పండుకున్నదమ్మా. మీ కంటే మంచిగ తింటున్నట్టున్నది.” వాళ్ళ నాన్న వెళ్ళి చూసి వచ్చారు. అదే కుక్క. గడువు దాటింది, ఇక సూదులు అక్కర్లేదన్నాడు డాక్టరు. అత్తగారు గౌలిగూడ వైపు తిరిగి దణ్ణం పెట్టింది. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. పిల్ల నీళ్ళడిగితే ఇచ్చి, మళ్ళీ గొంతు చూశాను.

ఇప్పుడది ఆ పుస్తకం ఊసే ఎత్తదు. రోజంతా వీధిలో ఆడుతుంది, ఆ కుక్క మళ్ళీ వచ్చి తిరిగే వీధిలోనే. పిల్ల నిద్రపోయాక ఇలా రాసుకోవడానికి కూర్చున్నప్పుడు పుస్తకం తీసి, తుపాకులు ఎక్కుపెట్టిన పేజీ దగ్గర నేనే ఆగుతాను. తర్వాత పేజీ తిప్పుతాను.