ఆకు నానేదాకా ఆగే ఆట

మా కోరుట్లలో తెలంగాణ కోసం బంద్ మీద బంద్ జరుగుతున్న రోజులవి. జగిత్యాలలో కాలేజీ మూతపడటంతో నా కొడుకు బిడ్డ ఇంట్లోనే కూర్చుని, కంప్యూటర్లో ఒక ఆట తయారు చేసింది. బీడీలు చుట్టే ఆట. అది చేసిన మొదటి ఆట. కాలేజీ తెరిచాక తోటివాళ్లతో ఆడించాలని దాని ఆశ. ఎవరూ ఆడకపోతే ఎట్లా అని ఒకటే బుగులు.

ముందు నా చేత ఆడించింది. నేను చదివింది మూడో తరగతి, బీడీలు చుట్టింది మాత్రం నలభై ఏళ్లు. తెరమీద ఆకు కట్ట విప్పగానే కత్తెర వచ్చింది.

"ఏందే ఇది? ఎండిన తునికాకు కత్తిరిస్తరా? పగులుతది! ముందుగాల నీళ్లల్ల నానేయాలె."

తప్పు దానిది కాదు. నేను తెల్లవారకముందే ఆకు నానేస్తాను. అది లేచేసరికి కత్తెర నా చేతిలో ఉంటుంది.

వెంటనే ఆట మార్చింది. ఇప్పుడు ఆకు నానేదాకా నాలుగు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పక్కింటి పిల్ల ఆడి విసుక్కుంది.

"ఏం ఆటనే! బంద్ నాడు బస్సుకోసం సూసినట్టుంది."

మనవరాలి మొహం చిన్నబోయింది. ఆకు దగ్గర నేనెన్నడూ మెత్తబడలేదు గానీ, ఆ మొహం చూసి మెత్తబడ్డాను.

"తొందరున్నోళ్లకు ఒక మీట పెట్టరాదె. నొక్కంగనే నానుతది."

"ఊహూఁ, పెట్ట నాయినమ్మా. ఎండాకు పగులుతదన్నది నువ్వే గదా!"

"మరి గంతసేపు ఆళ్లేం జెయ్యాలె?"

"ఆకు నానేసి నువ్వేం జేస్తవ్?"

"ఏం జేస్త? మీ అందర్ని తిడుత."

అది పగలబడి నవ్వి ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. పట్టపగలు లైటు వేసినందుకు, సబ్బును నీళ్లలో వదిలేసినందుకు, పళ్లెంలో మెతుకులు విడిచినందుకు పడ్డ తిట్లన్నీ, ఆకు నానేదాకా వినబడేలా, ఆటలోకి ఎక్కాయి.

కాలేజీ తెరిచాక పదిమందికి చూపించింది. ఏడుగురు ఆకు నానకముందే లేచిపోయారట.

"ముగ్గురేనా!" నా ప్రాణం ఉసూరుమంది.

"ముగ్గురు కట్టంత చుట్టిండ్రు నాయినమ్మా! ఇంకో కట్ట గుడ నానేసిండ్రు."

మీట ఉంటే పదిమందీ ఆడేవాళ్లేమో. ఆ మాట అనబోయేసరికి అది అప్పటికే చేతులు తిప్పుతూ, ముగ్గురిలో ఎవరి ఆకు ఎక్కడ చిరిగిందో చెప్పుకుపోతోంది.