ఒంటిరెక్క విమానం

ఆ రోజు నేను ఒంటి చెప్పుతో దుకాణానికి వెళ్ళాను. ఆ సంగతి నాకు తెలియదు. కోరుట్లలో మా ఇంటి నుంచి నా టైలర్ షాపుకు పది నిమిషాల నడక. షట్టర్ తీసి, ప్యాంటు గుడ్డ బల్ల మీద పరిచి, చాక్‌తో గీతలు గీశాను. కత్తెర వేస్తుంటే గుడ్డ జారిపోతోంది. ఎడమ చేత్తో గుడ్డను అదిమి పట్టుకునే ఉన్నాననుకున్నాను. ఆ చెయ్యి బల్ల కింద వేలాడుతోందని తర్వాత చెప్పారు.

కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకాయన నవ్వాడు. “ఏంది టైలర్ సాబ్, ఒక్క కాలుకే చెప్పేసుకొచ్చినవ్?”

“ముందుగాల నీ కండ్లు సూపెట్టుకో పో,” అన్నాను. కిందికి చూస్తే నాకు చెప్పు కనిపిస్తూనే ఉంది. అది కుడి కాలిది.

కాసేపటికి టిఫిన్ డబ్బాతో వచ్చిన నా భార్య పుష్ప గుమ్మంలోనే ఆగిపోయింది. నన్ను మా బిడ్డ పేరుతోనే పిలుస్తుంది. “ఓ స్రవంతి బాపూ, నీ మూతి గట్ల వంకర వోయిందేంది? నడువు, దవఖానకు పోదాం.”

“నాకేం గాలే. పొద్దుపొద్దుగాల లొల్లి వెట్టకు.”

ఆ మాట మీద రెండు గంటలు గట్టిగా నిలబడ్డాను. చివరికి ఆమె పక్క షాపు వాళ్ళను పిలిచి, నన్ను ఆటోలో ఎక్కించి, జగిత్యాల తీసుకుపోయింది. అక్కడ సీటీ స్కాన్ తీశారు. డాక్టర్ చెప్పింది నాకు బాగా గుర్తుంది. “స్ట్రోక్ వచ్చిందమ్మా. మెదడులో కుడి పక్క రక్తనాళం బ్లాక్ అయింది. క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌కు టైం దాటిపోయింది. ఎప్పుడు మొదలైందో కూడా మీరు చెప్పలేకపోతున్నరు.”

ఎనిమిది రోజులు వార్డులో ఉన్నాను. ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. మాట మాత్రం చక్కగా ఉంది. అదే చిక్కయింది, తిట్టడానికి అడ్డం లేకపోయింది. డాక్టర్ రోజూ రౌండ్‌కు వచ్చి చెయ్యి ఎత్తమనేవాడు, కాలు ఎత్తమనేవాడు. “ఇంప్రూవ్‌మెంట్ ఉంది. ఫిజియోథెరపీ మానొద్దు,” అని వెళ్ళిపోయేవాడు. అందరి చూపూ నా చెయ్యి మీద, కాలి మీదే ఉండేది. నా బాధ వేరు. ఎనిమిది రోజుల్లో పుష్ప ఒక్కసారి కూడా నా పక్కన కూర్చోలేదు. మాత్రలు ఇచ్చే వేళకు ఎదురుగా వచ్చేది, మళ్ళీ మాయమయ్యేది. ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత ఈమె అసలు రంగు బయటపడిందని అనుకున్నాను.

ఇంటికి వచ్చాక అనుమానం ముదిరింది. కంచంలో ఒట్టి అన్నం పెట్టేది.

“కూరేదే?”

“ఏసిన గదా! గీడనే ఉన్నది.”

“ఏడ? నాకు కండ్లు లేవనుకుంటున్నవా?”

మళ్ళీ గరిటెతో వేసినట్టు చప్పుడయ్యేది. కూర మాత్రం ఉండేది కాదు. నా కళ్ళజోడు, నా ఫోను, నా టేపు, పెట్టినవి పెట్టినట్టే పోయేవి. అడిగితే ఆమె పక్కనుంచే తీసి చేతికిచ్చేది. దాచినవాళ్ళకే కదా తెలిసేది అన్నాను. పేపరు తెరిస్తే వాక్యాలు అతకడం లేదు. ఈ రోజుల్లో రాసేవాళ్ళకు రాయడం రాదని తేల్చేశాను.

మా బిడ్డ స్రవంతి జగిత్యాలలో ఒక జిరాక్స్ సెంటర్‌లో పనిచేస్తుంది. వారానికోసారి బస్సులో తనతో నన్నూ తీసుకుపోయి, ఫిజియోథెరపీ మేడం దగ్గర దింపి, తన పనికి పోయేది. మేడం నా వేళ్ళు చూసి, “రెండు చేతులకూ పని చెప్పేది ఏదైనా ఇంట్లో చెయ్యండి. కాగితం కత్తిరించి బొమ్మలు చేస్తే ఇంకా మంచిది,” అంది. స్రవంతి ఫోనులో బస్సు, బంగళా, యుద్ధవిమానం చూపించింది. నేను విమానం అన్నాను. రెండు ఇంజన్లు, రెండు తోకలు ఉన్న సుఖోయ్. తను పద్దెనిమిది మందపాటి షీట్ల మీద ప్రింటు తీసి తెచ్చింది. ముక్కలు రెండు వందల పైనే ఉన్నాయి.

చూడగానే అది నా పనే అనిపించింది. విమానం ఒళ్ళు కొన్ని గొట్టాల వరస. చదును ముక్కను చుట్టి, అంచు మీద అంచు అతికితే చొక్కా చెయ్యి తయారైనట్టు తయారవుతుంది. అతికించడానికి వదిలిన అంచును మేం మార్జిన్ అంటాం. దానికీ ఉంది. మడత రావాల్సిన చోట ఖాళీ రీఫిల్‌తో గీత గీసి వంచేవాణ్ణి. గమ్ము అగ్గిపుల్ల మొనతో రాసేవాణ్ణి. ఇంజన్లు పెన్సిలు చుట్టూ తిప్పి చేశాను. క్షిపణులు అగరుబత్తి పుల్లల మీద చుట్టాను. గంట పని చేస్తే చెయ్యి మొద్దుబారేది, కానీ వదలబుద్ధి అయ్యేది కాదు. ఆ నెలల్లో నేను ప్రశాంతంగా ఉన్నది ఆ బల్ల దగ్గరే.

షీట్లలో తప్పులున్నాయని మాత్రం అనిపించేది. ఆరో నంబరు ముక్కలు మూడు కనిపించాయి.

“గది ఆరు కాదు బాపూ, పదారు. గిదేమో ఇరవై ఆరు,” అంది స్రవంతి.

తల్లి నేర్పితే అంటోందనుకున్నాను.

రెండో నెలలో మేడం ఒక పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఇచ్చి, చూసి గీయమంది. గీశాను. ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది. “సగమే గీసినరు.”

“మా పనిల సగమే గీస్తం మేడం. గుడ్డ మడత మీద కోస్తే రెండో సగం గదే వస్తది.”

“మరి ఎప్పుడూ కుడి సగమే ఎందుకు గీస్తున్నరు?”

“నాది కుడి చెయ్యి గదా.”

ఆ రోజుల్లో నా దగ్గర అన్నిటికీ జవాబుంది. వచ్చే వారం భార్యను వెంటబెట్టుకుని రమ్మంది మేడం. నేను ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇద్దరూ కలిసి నా మీద ఏదో ఒకటి తేలుస్తారని భయం. తర్వాతి వారం అసలు నేనే పోలేదు.

అదే వారం పుష్పతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. నీ చేతి తిండి తినను, నీ మొహం చూడను అన్నాను. షీట్లు, సగం అతికిన విమానం అట్టపెట్టెలో పెట్టించుకుని సిరిసిల్లలో మా అక్క ఇంటికి వెళ్ళిపోయాను. ఇక తిరిగి రాకూడదనే వెళ్ళాను. స్రవంతి దింపి వచ్చింది. పుష్ప గుమ్మం దాకా వచ్చి మాత్రల సంచి ఇచ్చింది.

అక్క ఇంటి వెనక షెడ్డులో మరమగ్గాలు ఆడుతూనే ఉంటాయి. ఆ చప్పుడుకు రెండు రోజుల్లో అలవాటుపడ్డాను. అక్క వంట కూడా తక్కువగానే పెడుతోందని అనిపించింది కానీ అక్క కదా, ఏమీ అనలేదు. పదిహేనో రోజుకు విమానం పూర్తయింది. ముక్కు అవతలికి, తోక నా వైపుకు పెట్టుకుని చూసుకున్నాను. ముచ్చటేసింది.

ఆ మధ్యాహ్నమే మాత్రలు అయిపోతాయని పుష్ప బస్సెక్కి వచ్చింది. నేను పలకరించలేదు. విమానం వైపు చూపించాను, నువ్వు లేకపోయినా నేను చేయగలనని. ఆమె దగ్గరికి వచ్చి, ముందు భాగం చూద్దామని కాబోలు, విమానాన్ని ఇటు తిప్పింది. ఇప్పుడు ముక్కు నా వైపుకు వచ్చింది.

నా కళ్ళ ముందే రెక్కలు పోయాయి. “రెక్కలేవే? పదిహేను దినాలు కష్టపడి చేసిన! ముట్టుకుంటనే తెంపినవా?”

అక్క వంటింట్లోంచి ఉరికి వచ్చింది. “ఏందిరా తమ్మీ గట్ల ఒర్లుతున్నవ్? ఆమె ఏం జెయ్యలే.”

“రెక్కలు తెంపింది, కనవడ్తలేదా?”

“ఒక్కటున్నది గదరా. ఇంకోటి ముందునుంచే లేదు. ఇంకా జేస్తవనుకున్న.”

పుష్ప నా మొహం వైపు వింతగా చూసింది. విమానాన్ని మళ్ళీ వెనక్కి తిప్పింది. “గిప్పుడు సూడు.”

చూశాను. రెక్క ఉంది. ఇంజన్ ఉంది, తోక ఉంది, క్షిపణులు ఉన్నాయి. అంతా బాగుంది. ఆమె మళ్ళీ తిప్పింది. ఏమీ లేవు, బోసి గొట్టం. మళ్ళీ తిప్పింది. ఉన్నాయి. అప్పుడు దాన్ని అలాగే ఉంచి, నా కుడి చేతిని పట్టుకుని, నా వేళ్ళను విమానం వీపు మీదుగా ఎడమ పక్కకు జరిపింది. అక్కడ వేళ్ళకు నున్నటి కాగితం తగిలింది. రెక్క తగల్లేదు.

నాకు భయం వేసింది. స్ట్రోక్ వచ్చిన రోజు కూడా అంత భయం లేదు. చెయ్యి పడిపోతే తెలుస్తుంది. సగం లోకం పోయినా నాకు తెలియలేదు. పోయిందని చెప్పినవాళ్ళందరినీ దొంగలన్నాను. కాసేపటికి ఒక ప్రశ్న వచ్చింది.

“దవఖానల నువ్వు ఏ దిక్కు కూసున్నవే?”

“ఎడమ దిక్కు. పన్జెయ్యని చెయ్యి గదే గదా. గది పట్టుకొనే కూసున్న, ఎనిమిది దినాలు.”

నేను ఏడ్చాను. అక్క ముందు ఏడవడానికి సిగ్గేసింది, అయినా ఆగలేదు.

మర్నాడు నేను, పుష్ప, స్రవంతి ముగ్గురం జగిత్యాల మేడం దగ్గరికి వెళ్ళాం. ఒంటిరెక్క విమానాన్ని ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె వివరంగా చెప్పింది. “కళ్ళు బాగానే ఉన్నయి. మెదడే ఎడమ పక్కను లెక్కలోకి తీసుకుంటలేదు. దీన్ని లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటరు. ఇది ఉన్నట్టు పేషెంట్‌కు తెలియదు. అందుకే భార్యను తీసుకురమ్మన్న. ఎందుకు చెప్పలేదు?” పుష్పకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

తిరిగి కోరుట్లకే వచ్చాను. మేడం చెప్పినట్టు బల్ల ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించారు. ఎర్రది కనిపించేదాకా తల తిప్పాలి, ఆ తర్వాతే కత్తెర పట్టాలి. చెప్పడానికి ఇంతే, చెయ్యడం కష్టం. కుడి రెక్క ఆరు రోజుల్లో చేసినవాణ్ణి, ఎడమ రెక్కకు నలభై రోజులు తీసుకున్నాను. తల తిప్పానని గట్టిగా అనుకునేవాణ్ణి, తిప్పి ఉండేవాణ్ణి కాదు. ఎడమ తోకను తీసుకుపోయి కుడి తోక మీదే అతికించి, మళ్ళీ ఊడదీశాను. పుష్ప ఎడమ పక్కన కూర్చుని, నేను తప్పినప్పుడల్లా బల్ల మీద తట్టేది. “ఇటు సూడు.” కొన్ని రోజులు ఆ మాట వంద సార్లు విన్నాను. విసుగొచ్చి రెండుసార్లు కత్తెర విసిరేశాను. ఆమె తెచ్చి మళ్ళీ ఎడమ పక్కనే పెట్టింది.

మధ్యలో నా తొందర వల్ల ఒక ఎదురుదెబ్బ తగిలింది. బాగయ్యానని ధైర్యం చేసి మోపెడ్ తీశాను. మలుపులో ఎడమ పక్కన నిలబెట్టిన కూరగాయల బండిని గుద్దాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డాక్టర్ మాత్రం కోప్పడ్డాడు. “బండి నడపడం బంద్. చెయ్యి బాగైతే సరిపోదు, చూపు ఎటు పోతుందో నీకే తెలియాలి.” మోపెడ్ అమ్మేశాం.

ఇదంతా జరిగి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు ఒక్క పూట మాత్రమే షాపు తెరుస్తాను. కటింగ్ నేనే చేస్తాను. గీతలు గీశాక గుడ్డను ఒకసారి అటుది ఇటు తిప్పి పరిచి, మళ్ళీ కొలిచి, అప్పుడు కత్తెర వేస్తాను. అలసిపోయిన రోజు ఇప్పటికీ ఎడమ చెవి దగ్గర గడ్డం మిగిలిపోతుంది. విమానానికి కుడి రెక్క నీటుగా ఉంటుంది, ఎడమ రెక్క మీద గమ్ము మరకలు. పోటీకి పెడితే బహుమతి రాదు. పుష్పను క్షమించమని అడిగాను. “సాల్తియ్, తిను,” అంది.

ఒక్క సలహా చెప్పి ముగిస్తాను. ఇది చదువుతున్నది పేషెంటే అయితే నా మాట పట్టదు. ఇది వేరేవాళ్ళ సంగతి అనుకుంటారు, నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. కాబట్టి ఇంట్లో వాళ్ళకు చెబుతున్నాను. స్ట్రోక్ వచ్చిన మనిషి కూర వేయలేదని, వస్తువులు దాచారని, దగ్గర కూర్చోలేదని మిమ్మల్ని తిడితే, అలిగి లేచిపోకండి, ఎదురు వాదించకండి. అతని ముందున్న కంచాన్ని సగం చుట్టు తిప్పండి. అప్పుడు కూర కనిపించిందన్నాడంటే, ఆ మాట అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియలేదు. రెండు నెలల పాటు రోజూ కూర వేసి, రోజూ తిట్లు తిన్నది పుష్ప.