పాత ఫియట్‌లో బిగిసిన గడియారం

పాత కారు డ్యాష్‌బోర్డు మీది బిగింపులు వదులయ్యేందుకు హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలిస్తే ఒక వాసన లేస్తుంది. ఎండిన రెక్సిన్, తుప్పు, ఎప్పుడో ఎవరో కాల్చిన సిగరెట్టు, అన్నీ కలగలిసిన వాసన. ఈ ఉదయం రాయ్‌పూర్ టాటీబంధ్ చౌక్‌లో లారీల హారన్లు అప్పుడే మొదలయ్యాయి. రేకుల షెడ్డు వేడెక్కుతోంది. నేను ఒక అంబాసిడర్ ముందు సీటు తీయించి, కింద చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను. ఆ వాసన ముక్కుకు తగలగానే చెయ్యి దానంతట అదే ఆగింది. నాకు ఈ పని నేర్పిన సన్యాసిరావు గారు పోయి కొన్నేళ్ళయింది. అయినా ఆ వాసన వచ్చినప్పుడల్లా ఆయన నా తల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. కాసేపు అలాగే పడుకుని ఉండిపోయాను. నడుము నొప్పిగా ఉంది, లేవబుద్ధి కాలేదు.

ఆయనది విజయనగరం వైపు. సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో మీటర్లూ గేజీలూ చూసే విభాగానికి పెద్దగా పనిచేసి, పదవీ విరమణకు చాలా ముందే మానుకుని ఈ షెడ్డు పెట్టారు. రాయ్‌పూర్‌లో ఇంజన్ పని చేసేవాళ్ళకు కొదవ లేదు. కానీ పాత కారుకు మళ్ళీ రంగు వెయ్యాలంటే ముందు డ్యాష్‌బోర్డు మీదున్న మీటర్లు, స్విచ్చులు, నాబులు, మెరుపు పట్టీలు విరగకుండా విప్పాలి. ఏళ్ళ తరబడి బిగిసిపోయి ఉంటాయవి. విరిగితే మళ్ళీ దొరకవు. అందుకని భిలాయి నుంచీ బిలాస్‌పూర్ నుంచీ కూడా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. నేను ఆయన దగ్గర చేరింది ఫోన్లు ఎత్తడానికీ సామాన్లు తెప్పించడానికీ. మా నాన్న రైల్వేలో పనిచేయడానికి శ్రీకాకుళం నుంచి వచ్చారు, నేను ఇక్కడే పుట్టాను. నా భర్త ఫ్యాక్టరీలో పైనుంచి పడి వెన్ను దెబ్బతిని మంచం పట్టాక నాకు ఏదో ఒక ఉద్యోగం కావలసి వచ్చింది. పొద్దున్నే ఆయనకు స్నానం చేయించి, పిల్లల్ని బడికి పంపి, షెడ్డుకు చేరేసరికే నా రోజు అయిపోయినట్టుండేది.

చేరిన కొత్తలోనే ఒకరోజు, అక్కడ కార్ల సొట్టలు తీసే రామ్‌లాల్ ఒక కారు లైటు స్విచ్చు నాబును పటకారుతో పట్టి లాగాడు. అది రెండు ముక్కలై చేతికొచ్చింది. సన్యాసిరావు గారు అతని చేతిలోంచి పటకారు తీసుకున్నారు. ముక్కలు రెండూ గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, నావైపు తిరిగారు.

"అమ్మాయ్, నీ చెయ్యి చిన్నది. ఇలా వచ్చి దీని ఎనక పెట్టు."

"నాకేం తెలుసు సార్ ఈ పని?"

"తెలీకపోడమే మంచిది. తెలిసినోడు ఏటి చేసాడో చూసావు కదా."

కారులో పడుకుని డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టాను. తీగలు, దుమ్ము, ఏవో పదునైన అంచులు. ఏమీ కనిపించక తల అటూ ఇటూ తిప్పుతుంటే ఆయన అన్నారు, "కళ్ళు మూసుకో. ఎలాగూ కనపడదు, ఉత్తినే కంగారు పెడతాయి. ఇప్పుడు చెప్పు, ఏటి తగిలింది?"

"గుండ్రంగా ఏదో ఉంది. అంచు గరుగ్గా ఉంది."

"తిప్పకు. ముందర అదేటో తెలుసుకో. పెట్టినోడు తీసే దారి ఎక్కడో ఒగ్గే ఉంటాడమ్మా. మనం ఎతుక్కోవాలి, అంతే."

ఆ దారి నిజంగానే ఉండేది. నాబు అడుగున ఆవగింజంత రంధ్రం, దాని లోపల స్ప్రింగు మీద నిలిచిన చిన్న పిన్ను. సన్నని తీగతో దాన్ని నొక్కితే, లాగకుండానే నాబు అరచేతిలోకి జారుతుంది. మొదటిసారి అలా జారినప్పుడు నేను దాన్ని ఆయనకు చూపించాను. ఆయన తల ఊపి రెండోదాన్ని చూపించారు. ఆ తర్వాత ఫోన్లు ఎత్తడం తగ్గి, డ్యాష్‌బోర్డు కింద పడుకోవడం పెరిగింది. ఎప్పటి నుంచో గుర్తులేదు, సార్ అనడం మాని బాబాయ్ అనడం మొదలుపెట్టాను.

ఆయన దగ్గర నేర్చుకున్నవి చెప్పుకుంటే చిన్న సంగతులే. బిగిసిన నట్టును విప్పే ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పాలి, తుప్పు పట్టు అప్పుడు తెగుతుంది. నూనె వేసి ఆ పూటకు వదిలెయ్యాలి. రంగు మీద ఇనుప పనిముట్టు ఆనకూడదు, వెదురు పుల్ల కావాలి. ముందువైపు నుంచి పెకిలించకూడదు, ఎంత కష్టమైనా వెనక నుంచే రావాలి. ఈ చివరిది ఆయన అందరికీ, మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. ఒకరోజు మా ఆయనకు జ్వరం ఎక్కువై రెండు రాత్రులు నిద్ర లేకుండా షెడ్డుకు వచ్చాను. ఒక స్పీడోమీటరు దగ్గర స్క్రూ కదలక, పళ్ళు బిగపట్టి బలమంతా పెడుతున్నాను. ఆయన వచ్చి నా చేతిలోంచి స్క్రూడ్రైవరు మెల్లిగా తీసుకున్నారు.

"ఇయ్యాల నీ చెయ్యి నీ మాట ఇనడం లేదు. ఇంటికెళ్ళి పడుకో."

"ఇంట్లో పడుకోడానికి ఎక్కడ కుదురుతుంది బాబాయ్?"

ఆయన వెనక గదిలో ఉన్న మడత మంచం వేసి, రామ్‌లాల్‌ను చప్పుడు చెయ్యొద్దని చెప్పి, ఫ్యాను నావైపు తిప్పారు. ఆ మధ్యాహ్నం అక్కడే నిద్రపోయాను. పెళ్ళయ్యాక నా కోసం ఒకరు శబ్దం ఆపించడం అదే మొదలు.

ఆయన చేతులు వణకడం నేను గమనించింది ఆ తర్వాతే. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. ఎప్పుడూ ఒక గుడ్డ చేతిలో పెట్టుకుని తుడుచుకుంటున్నట్టు ఉండేవారు. చిన్న పనులు ఒక్కొక్కటే నావైపు జరిగిపోయాయి. డాక్టరుకు చూపించుకోమంటే, "చూపించాను. ఆయనకీ తెలిసింది, నాకూ తెలిసింది. ఇంకేటి?" అన్నారు. అంతకుమించి ఆ మాట ఎత్తనిచ్చేవారు కాదు.

అప్పుడే మందిర్ హసౌద్ నుంచి మిశ్రా మేడమ్ వచ్చారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాక ఆయన ఫియట్‌ను బాగు చేయించి తానే నడుపుకోవాలనుకున్నారు. డ్యాష్‌బోర్డు మధ్యలో గుండ్రని గడియారం ఒకటి ఉంది. అది కారుతో వచ్చింది కాదు, భర్త ముచ్చటపడి పెట్టించుకున్నది. "ఇంకేం చేసినా సరే, దీనికి మాత్రం ఏమీ కాకూడదు," అని హిందీలో రెండుసార్లు చెప్పి వెళ్ళారు. దాని మెరుపు రింగు తుప్పుతో డ్యాష్‌బోర్డుకు అతుక్కుపోయింది. వెనక ఒక పట్టీ, ఆ పట్టీని పట్టి ఉంచిన చిన్న నట్టు. నేను తీస్తానన్నాను. "ఇదొక్కటీ నేను తీస్తాను," అన్నారు బాబాయ్. రోజూ నూనె వేశారు. రోజూ వెనక చెయ్యి పెట్టి చూశారు. ఆ నట్టును పట్టాలంటే రెండు వేళ్ళు కదలకుండా నిలవాలి. ఆయన వేళ్ళు నిలవడం లేదు. మూడుసార్లు అడిగాను నన్ను తియ్యనివ్వమని. మూడోసారి నావైపు చూడను కూడా లేదు.

ఒక సాయంత్రం రామ్‌లాలూ నేనూ చూస్తుండగానే బాబాయ్ కారులో ముందు సీట్లో కూర్చుని, పలచటి స్క్రూడ్రైవరు తీసి, ముందువైపు నుంచి రింగు కింద దూర్చారు. నేను వద్దనేలోపే అది జారింది. అద్దం ఈ చివర నుంచి ఆ చివరకు పగిలింది, పక్కన రంగు మీద పొడుగాటి గీత పడింది.  స్క్రూడ్రైవరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది, దాని మొన వణుకుతోంది.

"దిల్లీలో ఇలాంటి అద్దం దొరుకుతుంది బాబాయ్," అన్నాను. "ఆవిడకు తెలియకుండా మార్చేద్దాం."

"రోజూ ఆయన పక్కన కూర్చుని చూసిన మనిషమ్మా. తెలీకుండా ఉంటాదేటి? ఫోన్ కలుపు."

మర్నాడు ఆవిడ వచ్చారు. ఆయన షెడ్డు గుమ్మం దగ్గరే ఎదురెళ్ళి, "మేరే హాథ్ సే టూటా హై, మేడమ్," అన్నారు. తన చేతుల్లోనే పగిలిందని, ఇంకెవరి తప్పూ లేదని చెప్పారు. ఆవిడ కారులో కూర్చుని గడియారాన్ని చూశారు, ఆ తర్వాత ఆయన చేతుల్ని చూశారు.

"చెయ్యి వణుకుతుందని మీకు తెలుసు కదా. తెలిసి ఎందుకు ముట్టుకున్నారు?"

ఆయన చేతులు రెండూ గుడ్డ కింద దాచుకున్నారు. ఆవిడ క్షమించలేదు. క్షమించవలసిన అవసరం ఆవిడకేముంది? మిగతా పని పూర్తి చెయ్యమన్నారు, కానీ ఆయన చెయ్యి పడకూడదన్నారు. "ఆ అమ్మాయిని తియ్యనివ్వండి," అన్నారు నన్ను చూపించి.

నేనే తీశాను. కళ్ళు మూసుకుని, నట్టును ముందు కాస్త బిగించి, వదిలి, నూనె వేసి, మర్నాడు మళ్ళీ. ఆయన కారు తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. నట్టు కదిలిన రోజున, "వచ్చిందా?" అని మాత్రం అడిగారు. వచ్చిందన్నాను. గుడ్డతో ముఖం తుడుచుకుని లేచి బయటికి వెళ్ళారు. మిశ్రా మేడమ్ కొత్త అద్దంతో గడియారాన్ని పెట్టించుకుని, పాత అద్దం ముక్కల్ని అడిగి తీసుకుని వెళ్ళారు. ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆయన పనిముట్టు పట్టలేదు. స్టూలు మీద కూర్చుని చెప్పేవారు, నేను చేసేదాన్ని. చేత్తో చేసినన్నాళ్ళూ మాటల్లో పెట్టనివెన్నో అప్పుడు బయటికొచ్చాయి. ఒకసారి ఏ సందర్భమూ లేకుండా, "ఆయాల ఆ గడియారం నీకిచ్చీవలసింది," అన్నారు. నేను, "పోనివ్వండి బాబాయ్," అన్నాను. ఇద్దరికీ అంతకంటే ఓపిక లేదు. మరికొన్నాళ్ళకు షెడ్డు నాకప్పగించి, విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడే పోయారు. కబురు తెలిసేసరికి అంతా అయిపోయింది. నేను వెళ్ళలేకపోయాను, మా ఆయన్ని వదిలి వెళ్ళే వీలు లేక.

ఆయన నేర్పిన ఒడుపులన్నీ నా చేతుల్లో ఉన్నాయి. అయితే నేను ఎక్కువగా మోసేవి ఆయన నోటితో చెప్పినవి కావు. మొన్న దుర్గ్ నుంచి ఒకాయన పాత కారు తెచ్చారు. గ్లవ్‌బాక్సు తాళం బిగిసిపోయింది, ఇప్పుడే తీసిచ్చెయ్యమని పట్టుబట్టారు. పొద్దుటి నుంచి పని చేసి ఉన్నాను, కళ్ళు మసకబారుతున్నాయి. "ఇవాళ నేను తియ్యలేను. అలిసిపోయాను, విరగ్గొడతాను. మీరు ఆగలేకపోతే రామ్‌లాల్ చూస్తాడు," అన్నాను. ఆయన కాస్త చిరాకుపడి, కారు అక్కడే వదిలి వెళ్ళారు. అలిసిపోయానని ఇంకొకరి ముందు ఒప్పుకోవడం అంత తేలిక కాదు. అంతటి మనిషి బాబాయ్, ఇది నావల్ల కాదన్న ఒక్క మాట అనలేకపోయారు. నేను అనగలుగుతున్నాను.